తవ్వ, మానిక, చారాణ: అంగడి ఊరి పెద్దల జ్ఞాపకాలపై పాఠకుల ప్రశ్నలు

అంగడి ఊళ్ళలో మన పెద్దలు గడిపిన రోజువారీ బతుకు గురించి గత సంచికలో రాసి, ఇంట్లో పెద్దల నోట విన్న మాటల్లో అర్థం కానివి ఉంటే తెలియజేయండని పాఠకులను కోరాను. అనుకున్నదానికన్నా ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి, అందులోనూ పాత మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాల నుంచే ఎక్కువ. నేను పుట్టి పెరిగింది జడ్చర్లను ఆనుకొని ఉన్న బాదేపల్లిలో. మార్కెట్టు చప్పుళ్ళ మధ్యనే చదువుకొని, ఆ చుట్టుపక్కల ఊళ్ళలోనే పంతులుగా పనిచేసి, ఇప్పుడు ఎనభైకి దగ్గరపడ్డాను కనుక, వీటిలో చాలావాటికి నా సొంత జ్ఞాపకంలోంచి కూడా జవాబు చెప్పగలుగుతున్నాను. ఒకే రకమైన ప్రశ్నలను కలిపి ఆరింటికి ఇక్కడ సమాధానాలిస్తున్నాను.

ప్రశ్న: మా అవ్వ గింజలు కొలిచేటప్పుడు ‘ఒకటి’ అనదు, ‘లాభం’ అంటుంది. ఆరు తరువాత ‘ఆరున్నొక్కటి’ అని, వెంటనే ఎనిమిదికి పోతుంది. ‘ఏడు’ అననే అనదు. ఇది ఆమె ఒక్కదాని అలవాటా? ఆమె చెప్పే సోల, తవ్వ, కుంచం ఇప్పటి లెక్కలో ఎంత? (ఒక విద్యార్థిని, జడ్చర్ల)

సమాధానం: మీ అవ్వ ఒక్కరి అలవాటు కాదమ్మా, ధాన్యం కొలిచే చోట తెలుగువారు తరతరాలుగా పాటించిన పద్ధతి ఇది. రాశి మీద చేయి పెట్టినప్పుడు నోట వచ్చే తొలి మాట శుభంగా ఉండాలని మొదటి కొలతను ‘లాభం’ అనేవారు. ‘ఏడు’ అంటే ఏడవమని కూడా అర్థం వస్తుంది కనుక, గింజల ముందు ఆ మాట రానీయకుండా ‘ఆరున్నొక్కటి’ అనేవారు. కల్లంలో రైతు, దుకాణంలో సావుకారు, ఇంట్లో ఆడవాళ్ళు అందరూ ఇలాగే లెక్కపెట్టేవారు. మా అమ్మ జొన్నలు కొలిచేటప్పుడు మధ్యలో ఎవరు పలకరించినా బదులు పలికేది కాదు. లెక్క తప్పుతుందన్న భయం ఆమెకు లేదు; కొలత నడుమ వేరే మాట పడితే బర్కతు, అంటే వృద్ధి, పోతుందని ఆమె నమ్మకం. ‘బర్కతు’ ఉర్దూ మాటే అయినా, మా ఇంట్లో దానికి బదులుగా మరొక మాట వాడగా నేను వినలేదు.

ఇక కొలతల వరుస చెప్తాను. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక, రెండు మానికలు ఒక అడ్డ, రెండు అడ్డలు ఒక కుంచం, రెండు కుంచాలు ఒక ఇరస, రెండు ఇరసలు ఒక తూము, ఇరవై తూములు ఒక పుట్టి. సోల నుంచి తూము దాకా ప్రతి మెట్టూ కింది మెట్టుకు సరిగ్గా రెట్టింపు అని గమనించే ఉంటారు. బడి ముఖం చూడని మనిషి కూడా సగం, సగంలో సగం అనుకుంటూ ఎంత పెద్ద రాశినైనా పంచగలిగింది ఈ వరుస వల్లనే. కూలికి వచ్చినవాళ్ళకు గింజలు కొలిచి ఇచ్చే రోజుల్లో ఇది చిన్న విషయం కాదు. ఇచ్చేవాళ్ళకూ పుచ్చుకునేవాళ్ళకూ కంటి ముందరే లెక్క తేలిపోయేది. కుంచానికి ఎనిమిది తవ్వలని, పదహారు సోలలని మా అమ్మ వేళ్ళు మడవకుండానే చెప్పేది.

ఇప్పటి లెక్కలో ఎంత అని అడిగారు. ఇవి తూకాలు కావు, పాత్రలు. ఒకే తవ్వకు జొన్నలు పోస్తే ఒక బరువు, వడ్లు పోస్తే మరొక బరువు. పైగా మానిక ఊరూరికీ మారేది కనుక, పొరుగూరివాళ్ళతో బేరం చేసేటప్పుడు ‘ఏ ఊరి మానిక?’ అని అడగడం అలవాటుగా ఉండేది. అంచుకు సమంగా అరచేత్తో కోసి కొలవడం ఒక తీరు, పైన శిఖరం నిలిచేటట్టు పోసి కొలవడం మరొక తీరు. ఆ శిఖరం జారకుండా నిలబెట్టడంలోనే కొలిచేవాళ్ళ చేతి మంచితనం తెలిసేదని మా ఆడవాళ్ళు అనుకునేవారు. తూకంలో శేరు అంటే ఎనభై తులాలు, అంటే సుమారు 933 గ్రాములు. కిలో దానికన్నా 67 గ్రాములు పెద్దది. మెట్రిక్ తూకాలు దేశంలో 1958 అక్టోబరు 1న మొదలై, 1962 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి అయ్యాయి. మీ ఇంట్లో అవ్వ వాడిన తవ్వ ఇంకా ఉంటే, దానితో ఒకసారి జొన్నలు కొలిచి ఇప్పటి కాంటా మీద పెట్టి చూడండి. మీ ఊరి తవ్వ ఎంతో అప్పుడు కచ్చితంగా తెలుస్తుంది, పుస్తకంలో దొరికే లెక్క కన్నా అదే మీకు సరైనది.

ప్రశ్న: మా తాత నాటి అమ్మకం కాగితంలో ‘1352 ఫసలీ’ అనీ, వెల ‘హాలీ సిక్కా’లో అనీ రాసి ఉంది. ఇంట్లో పెద్దలు ‘కల్దారు’ అని ఇంకో రూపాయి మాట కూడా చెప్తారు. ఇవేమిటి? (ఒక పాఠకుడు, నల్లగొండ)

సమాధానం: ఫసల్ అంటే పంట. పన్ను వసూలు పంటతో ముడిపడి ఉంటుంది కనుక నిజాం రాజ్యంలో సర్కారు కాగితాలన్నీ ఫసలీ సంవత్సరంతోనే నడిచాయి. హైదరాబాదు ఫసలీ అక్టోబరులో ఆజూరు మాసంతో మొదలయ్యేది. తరువాత దై, బహమన్, ఇస్ఫందార్ అంటూ పన్నెండు నెలలు. ఫసలీ అంకెకు 590 కలిపితే ఆ ఏడు మొదలైన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. ఆ లెక్కన మీ తాతగారి కాగితం 1942 అక్టోబరుకూ 1943 అక్టోబరుకూ నడుమ రాసినది. కాగితంలో నెల పేరు కూడా ఉంటే అది ఏ కాలంలో జరిగిన అమ్మకమో, పంట చేతికి వచ్చాకనో రాకముందో కూడా ఊహించవచ్చు. చాలా ఇళ్ళలో ఆ తేడాలోనే అసలు కథ ఉంటుంది.

హాలీ సిక్కా నిజాం సొంత నాణెం. చార్మినారు బొమ్మ ఉన్న ఆ రూపాయిని మీ పెద్దలు చూసే ఉంటారు. బ్రిటిషు ఇండియా రూపాయిని మనవాళ్ళు కల్దారు అనేవారు. ఆరు కల్దార్లకు ఏడు హాలీ రూపాయలు మారకం. అంటే నూరు కల్దార్లకు 116 రూపాయల 10 అణాల 8 పైలు. కృష్ణ దాటితే అవతల గుంటూరు, తుంగభద్ర దాటితే కర్నూలు, రెండూ మద్రాసు రాష్ట్రంలోనివి కనుక, నల్లగొండ, పాలమూరు వ్యాపారులకు ఈ మారకం లెక్క ప్రతిరోజూ కావలసి వచ్చేది. మనం కట్నకానుకల్లో నూట పదహార్లు చదివించడం ఈ మారకం నుంచే వచ్చిందని పెద్దలు చెప్తారు. వినడానికి ముచ్చటగానే ఉంటుంది గానీ, హాలీ సిక్కా చెల్లని కోస్తా జిల్లాల్లోనూ నూట పదహార్లు, వెయ్యి నూట పదహార్లు చదివించే ఆచారం ఉంది కనుక, దాన్ని స్థిరపడిన విషయంగా మీ పిల్లలకు చెప్పకండి.

1951లో హాలీ సిక్కా జారీ ఆగింది, 1959లో చెల్లుబాటు పూర్తిగా పోయింది. ఈ రెండింటి నడుమ, 1957 ఏప్రిల్ 1న, కొత్త పైసలు వచ్చాయి. అప్పుడు నాకు పదకొండేళ్ళు, దుకాణానికి పోయి సరుకు తెచ్చే పనులన్నీ నావే కనుక ఆ రోజులు బాగా గుర్తు. రూపాయికి పదహారు అణాలు పోయి నూరు నయా పైసలు వచ్చాయి. ఒక అణాకు ఆరు పైసలు, రెండు అణాలకు పన్నెండు, మూడు అణాలకు పంతొమ్మిది, నాలుగు అణాలకు ఇరవై ఐదు అని పట్టిక కట్టారు. అణా సరుకును ఆరు పైసల చొప్పున నాలుగుసార్లు కొంటే ఇరవై నాలుగు, ఒక్కసారే నాలుగు అణాల సరుకు కొంటే ఇరవై ఐదు. ఆ ఒక్క పైసా ఎవరిది? మా వీధి దుకాణంలో ఆ పైసా దగ్గరే పెద్దవాళ్ళు వాదులాడుకునేవారు. మా అమ్మ నాకు చారాణ, అంటే నాలుగు అణాల బిళ్ళ, ఇచ్చి, చాపత్తా, ఉప్పు, బెల్లం, అగ్గిపెట్టె అణా అణాకు విడివిడిగా నాలుగు బేరాలు చేసి రమ్మనేది, మిగిలిన పైసాను తిరిగి తన చేతిలో పెట్టించుకునేది.

‘చారాణ కోడికి బారాణ మసాలా’ అనే మాట ఈనాటి పిల్లలు కూడా అంటారు. నాలుగు అణాల కోడికి పన్నెండు అణాల మసాలా అని అర్థం. అణాలు పోయి అరవై ఏళ్ళు దాటింది, చారాణ బిళ్ళ కూడా 2011 జూన్ తరువాత చెల్లకుండా పోయింది. మాట మాత్రం నిలిచింది.

ప్రశ్న: మా నాయిన పల్లికాయ బండి కట్టుకొని రాత్రంతా నడిచి బాదేపల్లి మార్కెట్టుకు పోయేవాడు. ‘తువ్వాల కింద బేరం’, ‘దడువాయి’, ‘కడ్తా’, ‘తక్‌పట్టీ’ అంటూ ఇప్పటికీ కోపంగా చెప్తాడు. ఆ కోపం ఎందుకో మాకు అర్థం కాదు. (ఒక పాఠకుడు, మిడ్జిల్)

సమాధానం: మీ నాయిన కోపానికి కారణం ఉంది. దాన్ని అర్థం చేసుకోవాలంటే ఒక బస్తా పల్లికాయ మార్కెట్టులో ఎన్ని చేతులు మారేదో తెలియాలి.

తెల్లవారకముందే బండి వచ్చి అడ్తి దుకాణం ముందు ఆగేది. అడ్తి అంటే రైతు సరుకును అమ్మిపెట్టి కమీషన్ తీసుకునేవాడు. చాలాసార్లు విత్తనాలకూ పెళ్ళిళ్ళకూ రైతుకు అప్పు ఇచ్చింది కూడా అతనే. కాయ రాశిగా పోయగానే చాట కూలీలు దుమ్ము చెరిగేవారు. ఖరీదుదారులు ఒక్కొక్కరే వచ్చి గుప్పెడు కాయ తీసుకొని, నాలుగు చిట్లించి, పప్పు నిండుగా ఉందా, ముడతపడిందా అని చూసి, రెండు గింజలు నోట్లో వేసుకొని మరో రాశికి పోయేవారు. వాళ్ళ ముఖం చూసి ధర ఊహించాలని రైతు ఎంత ప్రయత్నించినా ఏమీ తెలిసేది కాదు. తరువాత బేరం. అడ్తివాడూ ఖరీదుదారూ చేతులు కలిపి పైన తువ్వాల కప్పేవారు. లోపల ఎన్ని వేళ్ళు పట్టుకుంటే అన్ని రూపాయలు, ఎలా నొక్కితే అన్ని అణాలు అని వాళ్ళలో వాళ్ళకు ఒక భాష ఉండేది. సరుకు తనది, కష్టం తనది, కానీ ఆ తువ్వాల కింద ఎవరు ఎంత అన్నారో, ఎక్కువ అన్నవాడికి ఇచ్చారో లేదో రైతుకు తెలిసే దారి లేదు. చివరికి పైకి చెప్పిన ధరకు తల ఊపడమే అతని పని.

ధర తేలాక దడువాయి తూకం వేసేవాడు. తూచేవాడిని మా మార్కెట్లలో దడువాయి అంటారు, ఇప్పటికీ ఆ మాటే ఉంది. దుమ్మనీ, తేమనీ, గోనె బరువనీ తూకంలోంచి కొంత తీసేసేవారు, అదే కడ్తా. హమాలీ కూలి, చాట కూలి, దడువాయి కూలి, కమీషన్ అన్నీ తీసివేసి రాసి ఇచ్చే చీటీ తక్‌పట్టీ. పాత అప్పూ దాని వడ్డీ కూడా అందులోనే కోసేస్తే, రైతు చేతికి వచ్చే అంకె ఆ చీటీలో అన్నిటికన్నా కింద, అన్నిటికన్నా చిన్నగా ఉండేది.

ఈ పద్ధతిని మార్చడానికి హైదరాబాదు రాజ్యంలో 1930లోనే, అంటే 1339 ఫసలీలో, వ్యవసాయ మార్కెట్ల చట్టం చేశారు. 1966లో ఆంధ్రప్రదేశ్ మార్కెట్ల చట్టం వచ్చింది. మార్కెట్ కమిటీలు, బహిరంగ వేలం, టెండరు చీటీలు, అందరి ముందూ తూకం అన్నవి ఈ చట్టాలతో వచ్చినవే. కానీ చట్టం చేసిన రోజే తువ్వాల మాయం కాలేదు. యార్డులో ఒక తీరు, యార్డు బయటి దుకాణాల్లో మరొక తీరు చాలాకాలం నడిచింది. అప్పు ఉన్న రైతుకు యార్డు దాకా పోయే స్వేచ్ఛ కూడా ఉండేది కాదు.

మా నాయిన ఒక ఏడాది పదకొండు బస్తాల పల్లికాయ అమ్మి వచ్చి, తక్‌పట్టీని గోడకున్న సీకుకు గుచ్చి, మాట్లాడకుండా పడుకున్నాడు. అప్పు కోత పోగా ఆయన చేతికి వచ్చింది గానుగ నూనెకూ ఒక జత చెప్పులకూ సరిపోయేంత. మా అమ్మకు చదువు రాదు. అయినా ఆ సీకుకున్న చీటీలను ప్రతి ఏటా లెక్కపెట్టేది. ఎన్ని చీటీలుంటే అన్నిసార్లు బండి పోయిందని ఆమె లెక్క. ఆ దుకాణం ఎవరిదో చెప్పను, ఇప్పుడు దానివల్ల ఒరిగేదీ లేదు. మీ నాయిన కోపం మాత్రం న్యాయమైనదే. ఇంకోసారి ఆయన ఆ మాట ఎత్తినప్పుడు, తువ్వాల కింద వేళ్ళు ఎలా పట్టుకునేవారో చేతితో చూపించమని అడగండి.

ప్రశ్న: సూర్యాపేటలో రాత్రి ఎనిమిదికల్లా ఊరంతా పడుకునేదని మా అమ్మ అంటుంది. రాత్రంతా ఊరు మేలుకొనే ఉండేదని మా పెద్దనాయన అంటాడు. ఎవరి మాట నిజం? (ఒక పాఠకురాలు, సూర్యాపేట)

సమాధానం: ఇద్దరిదీ నిజమే అయి ఉంటుంది. మీ అమ్మగారి ఇల్లు లోపలి వీధుల్లోదై ఉంటుంది. గ్యాసునూనె (కిరోసిన్) కొలిచి వాడుకునే ఇళ్ళలో కందిలి వెలుగు వంటకూ తిండికీ మాత్రమే, ఆ తరువాత వత్తి తగ్గించడమే. మీ పెద్దనాయన చెప్పేది హైదరాబాదు, విజయవాడ రోడ్డు సంగతి. నిజాం సర్కారు 1932లో ఇరవై ఏడు బస్సులతో మొదలుపెట్టిన రోడ్డు రవాణా శాఖే తరువాత 1958 జనవరిలో ఆర్టీసీ అయింది. లారీలు, బస్సులు పెరిగినకొద్దీ ఆ రోడ్డు పక్కనున్న హోటళ్ళ పొయ్యిలు ఆరలేదు. ఇద్దరినీ కూర్చోబెట్టి ఊరి పటం గీయించండి, ఎవరి ఇల్లు రోడ్డుకు ఎంత దూరమో తెలిస్తే తగవు తీరిపోతుంది.

ప్రశ్న: మీరు రాసేవన్నీ తీపి జ్ఞాపకాలే. మా అమ్మ మార్కెట్టులో చాట కూలీ. మా నాయినకు హోటల్లో గ్లాసు వేరుగా ఉండేది, తాగి తానే కడిగి బయట పెట్టాలి. మా వాడకట్టు పెద్దలకు గుర్తున్న అంగడి ఊరు మీరు రాసిన ఊరు కాదు. (ఒక పాఠకుడు, నాగర్‌కర్నూల్)

సమాధానం: మీ మాట సరైనది. గత సంచికలో హోటలు చాయ గురించి రాసినప్పుడు ఆ గోడవతలి గ్లాసు గురించి రాయకపోవడం నా తప్పు. నేను చూశాను. మా బడి దారిలో ఉన్న హోటలు గోడకు మేకులు కొట్టి ఉండేవి, వాటికి నాలుగు గ్లాసులు బోర్లించి వేలాడేవి. అవి ఎందుకు విడిగా ఉన్నాయో పిల్లలమైన మాకు ఎవరూ చెప్పలేదు, మేమూ అడగలేదు. రాజ్యాంగం అంటరానితనాన్ని రద్దు చేసి, 1955లో దాని మీద ప్రత్యేక చట్టం వచ్చిన తరువాత కూడా ఆ గ్లాసులు అక్కడే ఉన్నాయి. అంగడి అందరిదీ అని మేము గొప్పగా చెప్పుకుంటాం. సరుకు కొనడానికి అందరూ వచ్చిన మాట నిజమే. వచ్చినవాళ్ళు ఎక్కడ నిలబడ్డారు, నీళ్ళు ఎవరు పోస్తే తాగారు, చిల్లర చేతిలో పెట్టారా, దూరం నుంచి వేశారా అన్నవి కూడా ఆ ఊరి రోజువారీ బతుకే.

మీ అమ్మగారి పని గురించి ఇంకొంచెం రాయాలి. రోజంతా ఎండలో దుమ్ము మధ్య చెరిగే ఆ ఆడవాళ్ళ చాట చప్పుడు లేకుండా మార్కెట్టు ఒక్క గంట కూడా నడిచేది కాదు. రాశి ఎత్తాక నేల మీద మిగిలిన గింజలను మట్టితో సహా ఊడ్చి, సాయంత్రం వాటిని మళ్ళీ చెరిగి, కొంగున కట్టుకొని పోవడం నాకు గుర్తుంది. ఆ గింజలు కూలిలో భాగమని కొందరు దుకాణదారులు లెక్కకట్టేవారు, దొంగతనమని కొందరు కొంగు విప్పించేవారు. ఒకే గింజలు, ఒకే నేల. ఏ రోజు ఏ మాట పడుతుందో తెలియకుండానే వాళ్ళు మరునాడు మళ్ళీ వచ్చేవారు.

పాలమూరు నుంచి మేస్త్రి చేతిలో ముందస్తు డబ్బు తీసుకొని, డ్యాములకూ కాలువలకూ మట్టి పనికి గుంపులుగా పోయినవాళ్ళకు అంగడి ఊరు మరో రకంగా గుర్తు. జడ్చర్ల స్టేషనులో మూటల మీద కూర్చుని రైలు కోసం ఎదురుచూసిన రాత్రే వాళ్ళ జ్ఞాపకం. పీర్ల పండుగకూ కురుమూర్తి జాతరకూ తిరిగి రావాలని వాళ్ళు అనుకునేవారు. కురుమూర్తి స్వామికి ఉద్దాలు, అంటే పాదరక్షలు, కుట్టేది వడ్డెమాన్ చర్మకారులు. జాతరలో ఆ ఉద్దాలను తలకు తాకించుకోవడానికి అన్ని కులాలవాళ్ళూ బారులు తీరుతారు. ఏటా ఆ బారులు చూసినప్పుడల్లా హోటలు గోడ మీది ఆ నాలుగు గ్లాసులు నాకు గుర్తొస్తాయి. మీ అమ్మగారు బతికి ఉంటే ఆమె మాటలు రాసి పంపండి. ఈ శీర్షికలో నా మాటలకు బదులుగా వాటినే వేయించే బాధ్యత నాది.

ప్రశ్న: మా అమ్మకు ఎనభై రెండేళ్ళు. పాత సంగతులు చెప్పమంటే ‘ఏముంది బిడ్డా చెప్పనీకె’ అంటుంది. ఫోనులో రికార్డు చేద్దామని పెట్టగానే నోరు మూసుకుంటుంది. ఎలా అడగాలి? (ఒక పాఠకుడు, నారాయణపేట)

సమాధానం: ‘పాత రోజులు ఎలా ఉండేవి’ అని అడిగితే ఎవరైనా అదే జవాబు చెప్తారు. ఆ ప్రశ్నకు పట్టుకోవడానికి ఏమీ లేదు. జ్ఞాపకం పనిలో ఉంటుంది, చేతిలో ఉంటుంది. నారాయణపేట కనుక మీ ఇంట్లో పాత గళ్ళ చీర ఒకటి తప్పక ఉంటుంది. దాన్ని తీసి అమ్మ ఒళ్ళో పెట్టి, ఈ చీర ఎవరు నేశారు, ఎవరు కొన్నారు, ఏ పండుగకు కట్టావు అని అడగండి. ఇంట్లో మగ్గం ఉండేదైతే, నూలుకు గంజి పెట్టే రోజు పొద్దున లేచింది మొదలు ఏమేం చేసేవారో వరుసగా చెప్పమనండి. ఫోను పక్కన పెట్టండి, ముందు మీరు వినండి. రెండోసారి కూర్చున్నప్పుడు ఆమెకు చెప్పి రికార్డు చేయవచ్చు.

తిండి గురించి అడిగితే మాట ఆగదు. ఇంట్లో జొన్న రొట్టె, గట్క (సంకటి) పోయి రోజూ అన్నం ఎప్పుడు మొదలైందో అడగండి. మా వైపు చాలా ఇళ్ళలో దానికి జవాబు 1983 దగ్గర తేలుతుంది, కిలో రెండు రూపాయల బియ్యం వచ్చిన ఏడాది అది. బియ్యం రాకతో రోకలి, విసుర్రాయి ఎప్పుడు మూలకు చేరాయో, రొట్టె కొట్టడం రాని కోడలు ఎప్పుడు ఇంటికొచ్చిందో, అన్నీ ఒకదాని వెంట ఒకటి వస్తాయి.

సంవత్సరం అడగకండి, ‘అప్పటికి ఏం జరిగింది’ అని అడగండి. పెద్దలకు అంకెలతో పని లేదు. పోలీసు చర్య అంటే 1948 సెప్టెంబరు. కొత్త పైసలు వచ్చిన ఏడు అంటే 1957. సాగరు కాలువకు నీళ్ళు వదిలిన ఏడు అంటే 1967, ఇది నల్లగొండవాళ్ళ గుర్తు. తెలంగాణ కోసం బడులు మూసిన ఏడు అంటే 1969. సూర్యాపేట వైపువాళ్ళు రెండేళ్ళకోసారి వచ్చే పెద్దగట్టు జాతరలతో తమ పిల్లల వయసులు లెక్కకడతారు. నీ పెళ్ళి కొత్త పైసలకు ముందా, తరువాతా అని అడిగితే మీ అమ్మ తడుముకోకుండా చెప్తుంది.

మా అమ్మ కూడా ఏళ్ళ తరబడి ‘ఏముందిరా’ అనేది. ఆమెకు డెబ్బై దాటాక, అటక మీద దొరికిన పాత ఇత్తడి తవ్వను తెచ్చి చేతిలో పెట్టాను. ఆమె దాన్ని చూడలేదు, కళ్ళు అప్పటికే మసకబారాయి. అంచు మీద బొటనవేలు తిప్పి, ఒక సొట్ట దగ్గర ఆపి, ‘ఇది లెవీ నాటిది’ అంది. యుద్ధకాలంలో రైతులు సర్కారుకు తప్పక ఇవ్వాల్సిన లెవీ ధాన్యం కోసం సర్కారువాళ్ళు ఇల్లిల్లూ తిరుగుతున్నారని తెలిసి, రాత్రికి రాత్రి జొన్నలు పాతరలో పోస్తుంటే, చీకట్లో చేయి జారి తవ్వ రాతి మీద పడిందట. ఆ చప్పుడు ఎవరైనా విన్నారేమోనని మా అవ్వా, కొత్త కోడలైన తానూ తెల్లవార్లూ దీపం లేకుండా పాతర మూత మీద కూర్చున్నారట. నేను పుట్టకముందు సంగతి. ఆ తవ్వతోనే నా చిన్నతనమంతా మా ఇంట్లో గింజలు కొలిచారు, నేను ఆ సొట్టను వందలసార్లు చూశాను, ఎన్నడూ అడగలేదు. ఆ రోజు పొద్దుగూకే దాకా ఆమె చెప్తూనే ఉంది.

మీ ఊళ్ళో తెలుగు, కన్నడ, మరాఠీ, ఉర్దూ అన్నీ వీధుల్లో వినబడతాయి కనుక ఒక జాగ్రత్త చెప్తాను. అమ్మ ఏ మాట వాడితే ఆ మాటే రాయండి, పుస్తకాల తెలుగులోకి మార్చకండి. చీర ఒళ్ళో పెట్టాక ఆమె నోట వచ్చిన మొదటి మాట ఏదో నాకు కూడా రాసి పంపండి.